నిలబడినప్పుడు దేహంలో జరిగేదేమిటి?

2021లో రెండవ విడత కరోనా తగ్గి, కళాశాలలో తరగతులు తిరిగి ఆరంభమైన రోజులవి. ఉదయం ప్రార్థన సమయంలో ఒక విద్యార్థిని మాటిమాటికీ నేలపై కూర్చుండిపోవడం చూచి, నలుగురి ముందు ఆమెను మందలించాను. ఆమె బదులు చెప్పక లేచి నిలబడింది. కొద్దిసేపటికి పాలిపోయిన ముఖంతో తూలి పడిపోయింది. సేదదీరిన పిమ్మట, "నిలబడితే గుండె గొంతులోకి వచ్చినట్టు ఉంటుంది సార్, పడుకుంటే సర్దుకుంటుంది" అని మాత్రం అన్నది. తెలుగు పాఠం చెప్పేవానికి వైద్య విషయాలతో పనేమని పాఠకులు అనుకోవచ్చును. ఆనాటి నా తొందరపాటే ఈ వ్యాసానికి కారణం.

పడుకున్న మనిషి లేచి నిలబడడం ఎంతో సామాన్యమైన పనిగా తోస్తుంది. కాని ఆ క్షణంలో భూమ్యాకర్షణ వల్ల సుమారు 500 నుండి 800 మిల్లీలీటర్ల రక్తం పొట్టలోని సిరలలోకి, కాళ్ళలోకి దిగిపోతుంది. గుండెకు తిరిగి చేరే రక్తం తగ్గుతుంది. మెడలోని కెరోటిడ్ ధమనులలోను, బృహద్ధమని వంపులోను రక్తపు ఒత్తిడిని కనిపెట్టే నాడీ కొసలు కలవు. అవి ఈ కొరతను వెంటనే మెదడు క్రింది భాగమైన మజ్జాముఖానికి తెలియజేస్తాయి. అంతట వేగస్ నాడి గుండెకు వేసి ఉంచిన కళ్ళెం సడలుతుంది. సహానుభూత నాడులు రక్తనాళాలను బిగిస్తాయి. గుండె నిమిషానికి 10 నుండి 20 సార్లు అదనంగా కొట్టుకుంటుంది. పిక్క కండరాలు రక్తాన్ని పైకి నెడతాయి. ఇదంతా మన ప్రమేయం లేకుండానే జరిగిపోతుంది. కనుకనే దీనిని నడిపే ఏర్పాటుకు స్వయంచోదిత నాడీ వ్యవస్థ అని పేరు.

కరోనా సోకిన వారిలో కొందరికి నెలలు గడిచినా అలసట, ఆయాసం, మతిమరపు విడువవు. ఇదే వాడుకలో లాంగ్ కోవిడ్. వ్యాధి మొదలై మూడు నెలలైనా మిగిలి, కనీసం రెండు నెలలు సాగి, మరొక కారణం కనిపించని లక్షణాలుగా దీనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో నిర్వచించింది. ఈ రోగులలో కొందరికి పైన చెప్పిన ఏర్పాటే అదుపు తప్పుతుంది. నిలబడితే దడ, కళ్ళు తిరగడం, చూపు మసకబారడం, పడుకుంటే ఉపశమనం. నిలబడిన పది నిమిషాలలోగా నాడి పెద్దలలో 30, పన్నెండు నుండి పంతొమ్మిదేళ్ళ వారిలో 40 లేదా అంతకు మించి పెరిగి, రక్తపోటు మాత్రం అంతగా పడిపోక, ఈ బాధ మూడు నెలలకు పైగా ఉంటే దానిని వైద్యులు పాట్స్ అంటారు. స్త్రీలలోనే ఇది ఎక్కువ.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. రోగిని కుర్చీలో కూర్చుండబెట్టి నాడి చూస్తారు, అంతా సవ్యం. ఇ.సి.జి. సవ్యం, రక్తపరీక్షలు సవ్యం. ఇక మిగిలేది "నీకేమీ లేదు, అంతా నీ భ్రమ" అన్న మాట. ఆడపిల్ల అయితే ఆ మాట మరింత త్వరగా వస్తుంది. నిజానికి కావలసిన పరీక్షకు ఒక మంచం, ఒక గోడ, గడియారం, రక్తపోటు యంత్రం చాలును. కొంతసేపు పడుకోబెట్టి నాడి, రక్తపోటు చూడాలి. తరువాత గోడకు ఆనించి నిలబెట్టి, పక్కన ఒకరు కాచుకొని, పది నిమిషాల పాటు నిమిషం నిమిషానికీ చూడాలి.

ఇది కొత్త బాధ కాదు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులను పరీక్షించిన జేకబ్ డా కోస్టా, దడతో, ఆయాసంతో కుంగిన వారిని గురించి 1871లో వ్రాశాడు. వారిలో పలువురికి అంతకు ముందు జ్వరమో విరేచనాలో వచ్చి ఉండెను. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో థామస్ లూయిస్ ఇటువంటి సైనికులనే చూచాడు. పాట్స్ అన్న పేరు వైద్యులలో స్థిరపడినది 1993లో షాండార్ఫ్, లో అనే వైద్యుల వ్యాసంతో. పిరికితనమని, మనోదౌర్బల్యమని ఎందరిని తోసిపుచ్చారో ఊహించవచ్చును.

చికిత్స మెల్లగా సాగుతుంది. రోజుకు రెండు మూడు లీటర్ల నీరు, వైద్యుని సలహాపై ఉప్పు (రక్తపోటు, మూత్రపిండ వ్యాధులున్న వారికి ఇది తగదు), నడుము దాకా బిగుతైన మేజోళ్ళు, అవసరమైతే ప్రొప్రనొలాల్, ఐవాబ్రాడిన్ వంటి మందులు. వ్యాయామం పడుకొని చేసేవాటితో ఆరంభిస్తారు. అయితే కొద్ది శ్రమకే మరునాడు కుప్పకూలే లాంగ్ కోవిడ్ రోగిని "లేచి తిరుగు, అదే పోతుంది" అని తరమడం హాని. మన ఎండాకాలం వీరికి మరీ కష్టం. వేడికి రక్తనాళాలు మరింత వదులవుతాయి.

ఆ విద్యార్థినిని తరువాత ఒక వైద్యుడు గోడకు ఆనించి నిలబెట్టి చూచారు. ఎనిమిదవ నిమిషానికి నాడి నలభైకి మించి పెరిగిందట. ఆమె తండ్రి ఆ కాగితం తెచ్చి నా చేతికిచ్చి, ఏమీ అనలేదు. మరునాటి నుండి ప్రార్థనలో ఆమెకు ఒక కుర్చీ వేయించాను.