ధాన్యకటకం: పోయిన నగరంలో ఒక చర్మకారుడి పేరు

 



పాడుబడ్డ నగరాల వీడియోలు మన పిల్లలు ఫోన్లలో తెగ చూస్తుంటారు. పెరూ కొండల మీద మాచు పిచ్చు, కంబోడియా అడవిలో ఆంకోర్. చూడాల్సినవే, కాదనను. కానీ ఆంకోర్ వాట్ ఎవరు కట్టారని అడగండి, రెండో సూర్యవర్మ అని జవాబొస్తుంది. రాయి కొట్టినవాడు, మోసినవాడు, కూడు తెచ్చి పెట్టినవాడు ఆ జవాబులో ఉండరు. లోకంలో చాలా శిథిలాలది ఇదే కథ.

ఈ పాఠంలో మనం చూడబోయే నగరం అలాంటిది కాదు. అది మనకు దగ్గరే, కృష్ణ ఒడ్డున ఉంది. దాని పేరు ధాన్యకటకం. ఇప్పటి ధరణికోట, దాని పక్కనే ఉన్న అమరావతి, ఈ రెండూ ఆ నగరం ఉన్న చోటే. శాతవాహనుల కాలంలో అది పెద్ద పట్నం. అక్కడి మహాచైత్యం అడుగు భాగమే ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు 50 మీటర్లు ఉండేది. దాని చుట్టూ పల్నాటి సున్నపురాయి పలకలు, వాటి మీద బుద్ధ భగవానుడి జీవిత ఘట్టాలు, పద్మాలు, ధమ్మచక్రాలు. ఇప్పుడు వెళ్తే గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్ళు కనిపిస్తాయి. చాలామంది "ఇంతేనా?" అని ఫొటో దిగి వచ్చేస్తారు.

ఆ రాళ్ళ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చిన్న చిన్న శాసనాలున్నాయి. వాటిని చదివితేనే ఆ చోటు మనతో మాట్లాడుతుంది. దాతల పేర్లు అవి. గృహపతులు, వర్తకులు, సుగంధ ద్రవ్యాలు అమ్ముకునేవాళ్ళు, భిక్షువులు, భిక్షుణులు, ఉపాసికలు. ఒకరు ఒక స్తంభం ఇచ్చారు, ఇంకొకరు ఒక పలక. రాజు ఒక్కడి ఖజానాతో లేచిన కట్టడం కాదది, ఊరంతా తలా ఒక చెయ్యి వేసింది.

ఆ పేర్లలో ఒకటి మీరు గుర్తుపెట్టుకోవాలి: విధికుడు. ఆయన వృత్తి ఏమిటో రాయి మీదే చెక్కి ఉంది. చర్మకారుడు. తోలు పని చేసేవాడు. తండ్రి పేరు నాగుడు, ఆయన ఉపాధ్యాయుడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్ళతో, చుట్టాలతో, స్నేహితులతో కలిసి ఒక పలక దానం చేశాడు. దాని మీద పూర్ణఘటం, అంటే నిండు కలశం. కొడుక్కి తాత పేరే పెట్టుకున్నాడు చూడండి, మన ఇళ్ళల్లోలాగే.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగండి. తోలు పని చేసే ఇంట్లో తండ్రి గురువు. కొడుకు తన పనిని దాచుకోలేదు, పేరు పక్కనే చెక్కించాడు. మహాచైత్యం దగ్గర ఆ రాయిని ఎవరూ వద్దనలేదు. మన తాతలు గుడి బయట నిలబడిన ఊళ్ళు ఈ జిల్లాల్లోనే ఎన్ని లేవు?

అయితే రాయి చెప్పని మాట మనం చెప్పకూడదు. ఈ విధికుడు ఫలానా కులంవాడు, మన పూర్వీకుడే అని కొందరు వేదికల మీద అనేస్తుంటారు. శాసనంలో ఉన్నది వృత్తి, కులం కాదు. నిజానికి మనకు కావలసింది ఆ తేడాయే. బాబాసాహెబ్ 1948లో అచ్చయిన అంటరానివారి గ్రంథంలో, అంటరానితనం క్రీస్తు శకం 400 ప్రాంతంలో పుట్టిందని తేల్చారు. విధికుడి పలక అంతకు ముందు కాలానిది. ఒక్క రాయితో అంత పెద్ద సిద్ధాంతం రుజువైపోదు. కానీ ఆ రాయి ఏ పక్కన నిలబడిందో మాత్రం తెలుస్తూనే ఉంది.

మరి ఆ నగరం ఏమైంది? ఎవరో వచ్చి ఒక్క రోజులో కూల్చేశారని మనవాళ్ళలో వినిపిస్తుంది. విన్నంత మాత్రాన నమ్మొద్దని కాలాములకు చెప్పినవాడి శిష్యులం మనం, కాబట్టి ఆధారాలు చూద్దాం. ఏడో శతాబ్దంలో చైనా భిక్షువు హ్యూయాన్ త్సాంగ్ వచ్చేసరికే ఇక్కడి విహారాలు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. అయినా దీపం పూర్తిగా ఆరలేదు. ధాన్యకటకంలో ఒక ప్రతిమా గృహాన్ని ధర్మకీర్తి అనే థేరుడు బాగుచేయించినట్టు 1344 నాటి శ్రీలంక శాసనం చెబుతోంది. ఆ తర్వాతే మరపు. చైత్యం మట్టిదిబ్బ అయింది, ఊరివాళ్ళకది దీపాలదిన్నె.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. 1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి పట్నం కట్టిస్తూ ఇటుకలకు, రాళ్ళకు దిబ్బను తవ్వించాడు. చెక్కిన పలకలు కొన్ని కట్టడాల్లో కలిశాయి, కొన్ని సున్నపు బట్టీల్లో కాలాయి. ఆ దశకం చివర్లో కల్నల్ మెకంజీ చూశాడు, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు 1859లో లండన్‌కు ఓడెక్కాయి. 1880లో గవర్నర్ ఆజ్ఞ మీద దిబ్బనంతా ఖాళీ చేశారు, ఏ రాయి ఎక్కడ దొరికిందో సరిగా రాసుకోకుండానే. సున్నపు బట్టీ ఒక పక్క, ప్రభుత్వ తవ్వకం ఇంకో పక్క. ఏది ఎక్కువ పాడుచేసిందని అడిగితే నేను రెండోదాన్నీ తక్కువ చేయను.

ఇంకో సంగతి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో తీసుకున్న రాజముద్ర ఎప్పుడైనా దగ్గరగా చూశారా? అమరావతి శిల్పకళ నుంచి తీసుకున్నదది. ధమ్మచక్రం, త్రిరత్నాలు, నడుమ పూర్ణఘటం. విధికుడి కుటుంబం దానమిచ్చిన పలక మీదున్నదీ పూర్ణఘటమే. ఎమ్మార్వో ఆఫీసులో కులం సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు పైన ఉన్న ముద్ర వంక ఒకసారి చూడండి.

ఈసారి బుద్ధ పూర్ణిమకో, సెలవులకో అమరావతి వెళ్తే పిల్లల్ని వెంటబెట్టుకెళ్ళండి. ముందు ఊళ్ళోని మ్యూజియం చూడండి, దిబ్బ దగ్గరకు తర్వాత పోండి. పలకల మీద చైత్యం బొమ్మే చెక్కి ఉంటుంది, పూర్తి రూపం అక్కడ తెలుస్తుంది. వీలైతే చెన్నై ఎగ్మోర్ మ్యూజియం కూడా చూడండి, పలకలు ఎక్కువగా చేరింది అక్కడే. అక్కడ బొమ్మల దగ్గరే ఆగిపోకుండా అంచుల మీద సన్నగా చెక్కిన అక్షరాలు వెతకండి. బ్రాహ్మీలో 'న' చాలా సులువు: అడ్డగీత మీద ఒక నిలువు గీత. 'దానం' అనే మాట చివర ఆ అక్షరమే ఉంటుంది, దాని పక్కన ఒక చుక్క. ముందు పిల్లల చేత దాన్ని పట్టించండి.