కాంట్రాలో బొమ్మలు ఎందుకు మినుకుమంటాయి?

ప్రశ్న: మా నాన్న చిన్నప్పటి టీవీ వీడియో గేమ్ అటక మీద దొరికింది. కాంట్రా ఆడుతుంటే శత్రువులు ఎక్కువైనప్పుడు బొమ్మలు మినుకుమంటున్నాయి. అదే ఆట ఫోన్‌లో శుభ్రంగా కనిపిస్తోంది. మిషన్ పాడైందా?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: పాడవలేదండీ. మన ఊళ్లలో అమ్మిన ఆ గేములు చాలావరకు నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్‌కు నకళ్లు. అందులోని బొమ్మలు గీసే చిప్, తెర మీద ఒక అడ్డగీతలో ఎనిమిది కదిలే ముక్కలనే చూపగలదు. ఒక్కో ముక్క వెడల్పు ఎనిమిది చుక్కలే కాబట్టి, ఒక సైనికుడి వెడల్పుకే కనీసం రెండు ముక్కలు కావాలి. నలుగురైదుగురు వరుసలో నిలిస్తే కోటా అయిపోతుంది. మిగిలినవి పూర్తిగా మాయం కాకుండా, ఆట రాసినవాళ్లు ముక్కల వరుస మారుస్తూ వంతులవారీగా చూపించారు. ఆ మినుకు వాళ్ల తెలివే! ఫోన్‌లో పాత మిషన్‌ను అనుకరించే ప్రోగ్రామ్ (ఎమ్యులేటర్) ఆ హద్దును ఎత్తేయగలదు.

వేగంలోనూ తేడా కనిపించవచ్చు. జపాన్ టీవీకి సెకనుకు 60 తెరలు, పాల్ అనే పద్ధతిలో నడిచే మన టీవీకి 50. ఆట తెరల లెక్కన నడుస్తుంది కనుక, 50కి చేసిన నకలు మీద దాదాపు ఆరోవంతు నెమ్మదిస్తుంది.

నా మటుకు పాత మిషన్ మీద ఆడటమే ఇష్టం. క్యాసెట్ పట్టకపోతే మాత్రం నోటితో ఊదకండి, తేమకు పిన్నులు తుప్పు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది తడిపి తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టండి.