ఇంజన్ మౌంటింగ్ మార్చడం ఎలా?

కారు ఇంజను, గేరుబాక్సు నేరుగా బాడీపై కూర్చోవు. రబ్బరు మౌంటింగులపై ఆనుతాయి. వేడికి, ఆయిల్ తడికి ఆ రబ్బరు చీలితే కారు అదురుతుంది, గేరు మార్చినప్పుడు 'ఠక్'మంటుంది.

ముందు చక్రాలకు అడ్డుపెట్టి, కారును స్టాండ్లపై నిలిపి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. ఆయిల్ సంపు కింద వెడల్పు చెక్క పెట్టి, జాకీతో ఇంజన్ బరువు ఆపాలి. ఒకసారి ఒక్క మౌంటింగే విప్పాలి. కొత్తదాని బోల్టులు చేత్తో ఎక్కించి, జాకీ దించాకే పూర్తిగా బిగించాలి.

సెలవుల్లో షెడ్డులో పని నేర్చుకుంటూ మేము ఒట్టి జాకీని నమ్మి కారు కిందికి దూరాం. బయటికి వచ్చిన మరుక్షణమే జాకీ జారింది. తమ్ముళ్లూ, స్టాండ్లు లేకుండా కారు కిందికి వెళ్లకండి! ఇంటిదగ్గర అమ్మానాన్నలు మన మీదే ఆశ పెట్టుకున్నారు.