ఆన్‌లైన్ షాపింగ్: మన విలువలు ఎప్పుడు మేల్కొంటాయి?

షాపింగ్ యాప్‌లో పోచంపల్లి ఇక్కత్ చీర కోసం వెతికితే మగ్గంపై నేసిన చీరలతో పాటు, అదే డిజైన్‌ను అచ్చు వేసిన చవక చీరలు కూడా కనిపిస్తాయి. నేత కార్మికుల ఉపాధి ముఖ్యమని నమ్మేవారు తప్పక చేనేత చీరనే కొంటారా? కొనాలనే లేదు. నమ్మకానికీ కొనుగోలుకూ మధ్య ఉండే ఈ దూరాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా అధ్యయనం చేస్తున్నారు.

ఇజ్రాయెల్‌కు చెందిన సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త షలోమ్ ష్వార్ట్జ్ 1992లో మనిషి ప్రాథమిక విలువలను 10 రకాలుగా వర్గీకరించారు. భద్రత, సంప్రదాయం, సుఖం, అధికారం, పరుల మేలు వంటివి వాటిలో ఉన్నాయి. వీటిని ఆయన ఒక వృత్తంలో అమర్చారు. పక్కపక్కన ఉన్నవి ఒకదానికొకటి తోడవుతాయి, ఎదురెదురుగా ఉన్నవి పోటీపడతాయి. పరుల మేలు కోరే మనసులోనే నలుగురిలో గొప్పగా కనిపించాలన్న కోరికా ఉండవచ్చు. కొనే క్షణంలో ఏది ముందుకు వస్తుందన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు వెర్‌ప్లాంకెన్, హాలండ్ అనే పరిశోధకులు 2002లో ప్రచురించిన ప్రయోగాలు కొంత సమాధానమిచ్చాయి. ఒక ప్రయోగంలో పాల్గొన్నవారు టీవీలను ఎంచుకోవాలి. పర్యావరణాన్ని తమ వ్యక్తిత్వంలో భాగంగా భావించేవారు, ఆ విలువను ముందుగా గుర్తుచేసినప్పుడు పర్యావరణహితమైన టీవీల వైపు ఎక్కువగా మొగ్గారు. మిగతావారిలో ఆ మార్పు కనిపించలేదు. అంటే విలువ మనదై ఉండటమే కాదు, ఎంపిక చేసే వేళకు అది గుర్తుకు రావాలి.

తెరపై జరిగేది తరచూ దీనికి వ్యతిరేకం. ‘ఒక్కటే మిగిలింది’ అనే హెచ్చరిక, తరిగిపోతున్న గడియారం ఆలోచించే వ్యవధిని తగ్గిస్తాయి. కొన్నిసార్లు విలువలనే ఎరగా వాడతారు. అడగకుండానే బిల్లులో విరాళం చేర్చడం, వద్దంటే సిగ్గుపడేలా మాటలు రాయడం ఇలాంటివే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న ఇలాంటి 13 రకాల ‘డార్క్ ప్యాటర్న్’లను నిషేధిస్తూ మార్గదర్శకాలు జారీ చేసింది. వీటిపై జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

నిబంధనలు మోసాన్ని అడ్డుకోగలవు గానీ, మన ప్రాధాన్యాన్ని మనకు గుర్తుచేయలేవు. అందుకు చిన్న ఏర్పాట్లు చాలు. యాప్ తెరవడానికి ముందే ఏం కావాలో, ఎందుకు కావాలో ఒక కాగితంపై రాసుకోవచ్చు. కార్ట్‌లో వేసిన వస్తువును మర్నాటి వరకు అక్కడే ఉంచవచ్చు. చేనేతే కావాలనుకుంటే 2006లో కేంద్ర ప్రభుత్వం ప్రవేశపెట్టిన హ్యాండ్లూమ్ మార్క్ ఉందో లేదో చూడవచ్చు. చివరికి బడ్జెట్‌ను బట్టి అచ్చు చీరే కొన్నా తప్పేమీ లేదు. ఆ నిర్ణయం గడియారం తీసుకున్నది కాకుండా, కొనేవారు ఆలోచించి తీసుకున్నదై ఉండాలి.