అశ్వకీర్తి

పాఠ్య పరిచయం

పందెంలో గెలుపోటములను నిర్ణయించడం సులభం. గమ్యరేఖను ముందుగా దాటినది విజేత. కాని, వేర్వేరు కాలాలలో, వేర్వేరు మైదానాలలో పరుగెత్తిన వాటిలో శాశ్వత గౌరవానికి ఏది తగినదో తేల్చడం సులభం కాదు. గౌరవానికి అర్హతను ఎట్లా నిర్ణయించాలి? సంఖ్యలే చాలునా? ప్రజాభిమానానికి అందులో చోటున్నదా? పందెపు గుర్రాలను ఉదాహరణగా తీసికొని ఈ ప్రశ్నలను ప్రస్తుత పాఠం విచారిస్తుంది.

పాఠ్యాంశం

భారతీయ సాహిత్యంలో అశ్వానికి విశిష్ట స్థానం ఉన్నది. శాలిహోత్రుడు అశ్వశాస్త్రానికి ఆద్యుడని ప్రసిద్ధి. అజ్ఞాతవాస కాలంలో నకులుడు దామగ్రంథి అనే పేరుతో విరాటరాజు కొలువులో అశ్వరక్షకుడైనాడు. తెలుగులో మనుమంచి భట్టు అశ్వశాస్త్రాన్ని పద్యరూపంలో రచించాడు. పూర్వ శాస్త్రకారులు గుర్రం రంగును, శరీరంపై ఉండే సుడులను, అవయవ సౌష్ఠవాన్ని పరిశీలించి దాని యోగ్యతను చెప్పేవారు. అంటే, అది పరుగెత్తక ముందే దాని భవిష్యత్తును ఊహించేవారు. ఆధునిక కాలంలో ఇందుకు భిన్నమైన విచారణ మొదలైంది. పరుగు ముగించి విశ్రాంతి పొందిన గుర్రం జీవితాన్ని తిరిగి చూసి, దాని స్థానాన్ని నిర్ణయించడమే ఆ విచారణ.

తెలుగునాట గుర్రపు పందేలు కొత్తవి కావు. హైదరాబాదులోని మలక్‌పేటకు 1886లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో పందెపు మైదానం తరలివచ్చింది. డెక్కన్ డెర్బీ జరిగేది అక్కడే. నగరాలకు దూరంగా, ఉత్తరాంధ్ర పల్లెలలోనూ ఈ వేడుక ఉన్నది. పూర్వం విశాఖపట్నం జిల్లాలోను, 2022 నుండి అనకాపల్లి జిల్లాలోను ఉన్న చోడవరం ప్రాంతంలో గోవాడ అనగానే అందరికీ సహకార చక్కెర కర్మాగారం గుర్తుకు వస్తుంది. చెరకు పండించే ఆ పల్లెలలో సంక్రాంతి మొదలుకొని జరిగే తీర్థాలలో ఎడ్ల పరుగుతో పాటు గుర్రాల పరుగు పోటీలు కూడ కనిపిస్తాయి. తీర్థం ముగిసిన తరువాత రచ్చబండ మీద వాదం మొదలవుతుంది. ‘ఈ ఏటి గుర్రం గొప్పదా? పదేళ్ల నాటి గుర్రం గొప్పదా?’ అని ఒకరు అడిగితే పదిమంది పది విధాలుగా చెబుతారు.

ఇటువంటి వాదానికే అమెరికాలో ఒక వ్యవస్థ రూపం ఇచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని సారటోగా స్ప్రింగ్స్ పట్టణంలో 1950లో గుర్రపు పందేల జాతీయ ప్రదర్శనశాల ఏర్పడింది. 1955లో దానికి అనుబంధంగా ‘హాల్ ఆఫ్ ఫేమ్’ అనే కీర్తిమందిరం వెలసింది. పందేల నుండి విరమించి ఐదు సంవత్సరాలు గడచిన గుర్రాలను ఇప్పుడు పరిశీలనకు తీసికొంటారు. పత్రికా రచయితలు, చరిత్రకారులు, పందేల రంగంలో అనుభవం గలవారు ఓటు వేస్తారు. ఐదేళ్ల నిరీక్షణలో వివేకం ఉన్నది. గెలుపునాటి కేరింతలు చల్లారిన తరువాతనే విలువ స్పష్టంగా కనబడుతుంది.

అర్హతకు మొదటి కొలమానం విజయాల సంఖ్య. బ్రిటన్ గుర్రం ఫ్రాంకెల్ 2010 నుండి 2012 వరకు పరుగెత్తిన 14 పందేలలోను గెలిచింది. 2021లో బ్రిటన్‌లో కీర్తిమందిరాన్ని నెలకొల్పినప్పుడు ఆ గౌరవాన్ని మొదట పొందిన గుర్రం అదే. దానిపై వివాదం లేదు. కాని, సంఖ్యలను విడిగా చూస్తే చిక్కు వస్తుంది. కెల్సో అనే గుర్రం 63 పందేలలో 39 గెలిచింది. జస్టిఫై అనే గుర్రం పరుగెత్తినవి 6 పందేలే. శాతం చూస్తే జస్టిఫై మిన్న. అయితే కెల్సో 1960 నుండి 1964 వరకు వరుసగా ఐదేళ్లు ఆ దేశపు మేటి గుర్రంగా ఎంపికైంది. ఒక వసంతంలో మెరిసిన ప్రతిభను, ఏళ్ల తరబడి నిలిచిన ప్రతిభను ఒకే తక్కెడలో తూచడం న్యాయమేనా?

రెండవ కొలమానం గెలుపు వెనుక ఉన్న పరిస్థితి. మ్యాన్ ఓ వార్ 21 పందేలలో 20 గెలిచింది. దాని ఏకైక ఓటమి 1919లో, కీర్తిమందిరం తరువాత వెలసిన సారటోగాలోనే జరిగింది. ఓడించిన గుర్రం పేరు అప్‌సెట్. అయితే ఆనాడు మ్యాన్ ఓ వార్ మోసిన బరువు 130 పౌనులు. ప్రత్యర్థి మోసినది 115 పౌనులు. పైగా పందెం ఆరంభంలోనే అది వెనుకబడిపోయింది. ఈ వివరాలు తెలిసినవారికి ఆ ఓటమి కూడ గుర్రం ఘనతనే చాటుతుంది. వివరం లేని అంకె సగం సత్యం మాత్రమే.

మూడవది, ప్రత్యర్థి బలం. సీబిస్కెట్ 89 పందేలలో 33 మాత్రమే గెలిచింది. తొలి పందేలలో అది వరుసగా ఓడుతూ వచ్చింది. కాని, 1938 నవంబరు 1న పిమ్లికో మైదానంలో మహాబలశాలి అయిన వార్ అడ్మిరల్‌తో ముఖాముఖి తలపడి గెలిచింది. ఆర్థిక మాంద్యంలో నలిగిన జనం దానిలో తమ ఆశను చూసుకున్నారు. 1958లో గెలిచినదానిని, ఓడినదానిని, రెండింటినీ కీర్తిమందిరంలో చేర్చారు. ఒక్క ఓటమి యోగ్యతను చెరపదని ఆ నిర్ణయం తెలుపుతున్నది.

నాలుగవది, అత్యున్నత క్షణం. సెక్రటేరియట్ పలుమార్లు ఓడింది. అయినా 1973లో బెల్మాంట్ పందెంలో ఒకటిన్నర మైలు దూరాన్ని 2 నిమిషాల 24 సెకన్లలో ముగించి, 31 గుర్రాల పొడవంత దూరంతో గెలిచింది. ఆ పందెంలో ఆ కాలం నేటికీ చెక్కుచెదరలేదు. ఒక జాతి శక్తికి హద్దు ఎక్కడ ఉన్నదో చూపిన పరుగు అది.

ఇక మనస్సును కలచే ఉదాహరణ రఫియన్. ఈ ఆడగుర్రం పాల్గొన్న మొదటి 10 పందేలలోనూ గెలిచింది. 1975 జూలై 6న ఫూలిష్ ప్లెజర్ అనే మగగుర్రంతో ముఖాముఖి పందెంలో దాని కాలు విరిగింది; చివరకు ప్రాణం దక్కలేదు. మరుసటి ఏడే దానిని కీర్తిమందిరంలో చేర్చారు. ఇది జాలితో ఇచ్చిన గౌరవమా, అర్హతకు దక్కిన గౌరవమా? మరణం మాట మరచి తొలి పది పందేలను మాత్రమే చూసినా దాని యోగ్యత నిలుస్తుంది. అయితే ఆ గౌరవం మరొక బాధ్యతను కూడ గుర్తుచేస్తుంది. మనుషుల వినోదం కోసం పరుగెత్తిన మూగజీవి ప్రాణం పోగొట్టుకున్నది. కీర్తిమందిరం విజయాలతో పాటు ఆ మూల్యాన్ని కూడ స్మరించాలి.

జపాన్‌కు చెందిన హారు ఉరారా 113 పందేలలో ఒక్కటీ గెలవలేదు. అయినా పట్టు విడువని దాని పరుగును చూచి లక్షలాది ప్రజలు ప్రేమించారు. ప్రేమకు పాత్రం కావడం వేరు, ప్రతిభకు ప్రమాణం కావడం వేరు. రెండూ గౌరవాలే, రెండింటికీ ఒకే పీఠం వేయనక్కర లేదు.

అన్నింటికంటె కఠినమైన ప్రశ్న నిజాయతీ. జస్టిఫై 2018లో అమెరికా మూడు మహాపందేలను గెలిచింది. దానికి ముందు, ఆ ఏడాది ఏప్రిల్‌లో శాంటా అనీటా డెర్బీ తరువాత జరిపిన పరీక్షలో స్కోపొలమిన్ అనే నిషిద్ధ పదార్థం కనిపించినట్లు 2019లో వెల్లడైంది. మేతలో ఉమ్మెత్త జాతి కలుపుమొక్క కలియడమే కారణమని ఒక వాదం. వివాదం నడుమనే 2024లో దానికి కీర్తిమందిరంలో చోటు లభించింది. గుర్రం ఏ తప్పూ ఎరుగదు. విచారణకు నిలబడవలసినది దానిని నడిపిన మానవ వ్యవస్థ.

ఈ సందర్భంలో భారతంలోని కద్రూవినతల కథ స్మరణీయం. ఉచ్చైఃశ్రవం తోక నలుపని కద్రువ, గుర్రమంతా తెలుపేనని వినత పందెం వేసుకున్నారు. ఓడినవారు దాస్యం చేయాలి. కద్రువ తన కుమారులైన సర్పాలను తోకకు వ్రేలాడమని ఆజ్ఞాపించింది. మరునాడు చూచిన వినత తన ఓటమిని అంగీకరించింది. వినత కన్ను మోసపోలేదు. ఆమె ముందుంచిన సాక్ష్యమే మోసం. సాక్ష్యం కలుషితమైతే ఎంత నిష్పాక్షికమైన న్యాయనిర్ణేత అయినా తప్పుడు తీర్పే ఇస్తాడు.

కనుక అర్హతానిర్ణయానికి ఒక క్రమం ఉండాలి. మొదట సాక్ష్యం శుద్ధమైనదా అని చూడాలి. తరువాత విజయాలను, బరువును, దూరాన్ని, ప్రత్యర్థుల బలాన్ని కలిపి పరిశీలించాలి. అభిమానాన్ని చివరి స్థానంలో నిలపాలి. అప్పటికీ ఏకాభిప్రాయం కుదరకపోవచ్చు. కాని, ఎక్కడ, ఎందుకు భేదిస్తున్నామో తెలుస్తుంది.

పల్లె తీర్థంలో పరుగెత్తే గుర్రం కీర్తి ప్రధానంగా నోటిమాట మీదనే నిలుస్తుంది. చెప్పేవారు మరుగైతే ఆ కీర్తీ మరుగవుతుంది. ఏ సంవత్సరంలో, ఎంత దూరం, ఎంత కాలంలో, ఏ గుర్రాలతో పోటీపడి గెలిచిందో ఒక పుస్తకంలో రాసిపెట్టేవారుంటే, రచ్చబండ వాదానికి ఆధారం ఏర్పడుతుంది. ఏ కీర్తిమందిరానికైనా తొలి రాయి అటువంటి నిజాయతీగల నమోదే.

శబ్దార్థాలు

ఆద్యుడు = మొదటివాడు
సౌష్ఠవం = చక్కని పొందిక
నిరీక్షణ = ఎదురుచూడడం
తక్కెడ = త్రాసు
నిష్పాక్షికం = పక్షపాతం లేనిది
దాస్యం = బానిసత్వం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పందెపు గుర్రాల అర్హతను నిర్ణయించే కొలమానాలను సోదాహరణంగా వివరించండి.
2. ‘వివరం లేని అంకె సగం సత్యం మాత్రమే’ – పాఠం ఆధారంగా సమర్థించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. కద్రూవినతల కథ అర్హతానిర్ణయానికి ఎట్లా వర్తిస్తుంది?
2. రఫియన్‌కు దక్కిన గౌరవం ఏ బాధ్యతను గుర్తుచేస్తుంది?
3. ప్రేమకు పాత్రం కావడానికి, ప్రతిభకు ప్రమాణం కావడానికి గల భేదం ఏమిటి?

III. ఏకపద సమాధాన ప్రశ్నలు
1. విరాటరాజు కొలువులో నకులుని పేరేమి?
2. సారటోగాలో కీర్తిమందిరం ఏ సంవత్సరంలో వెలసింది?

IV. విడదీసి సంధి పేరు తెలపండి
1. ఏకాభిప్రాయం 2. అత్యున్నతం

V. చర్చనీయాంశం
మీ ప్రాంతంలో జరిగే ఒక పోటీని ఎన్నుకొని, అందులో శాశ్వత గౌరవానికి అర్హత ఏమిటో రెండు పక్షాలుగా చర్చించండి.