కొండెక్కే దారి, కొండలో దూరే దారి

ఆల్ప్స్‌లో కారు ప్రయాణం వేసుకుంటుంటే ముందుగా స్విట్జర్లాండ్ పేరు కొట్టేయండి. అక్కడ అందం తక్కువని కాదు. మీ చేతిలో ఉన్నది వారం రోజులు. దిగేది మ్యూనిక్‌లో. నడపాల్సింది అలవాటు లేని కుడివైపు రోడ్డు మీద. ఈ లెక్కన జర్మనీ దక్షిణపు అంచు, ఆస్ట్రియా, ఇటలీలోని సౌత్ టిరోల్ చూసేసరికే సెలవు అయిపోతుంది. తిరిగొచ్చాక "అంత దూరం వెళ్లి స్విట్జర్లాండ్ చూడలేదా?" అని బాబాయిగారు అడుగుతారు, పక్కింటివాళ్లూ అడుగుతారు. మన సినిమా పాటలు నేర్పిన ప్రశ్న అది. "లేదండీ" అని నవ్వుతూ చెప్పగలిగే ధైర్యం విమానం ఎక్కక ముందే తెచ్చుకోవాలి.

దారి ఇలా వేసుకోవచ్చు. మ్యూనిక్ నుంచి బెర్ఖ్టెస్‌గాడెన్ దగ్గర కోనిగ్‌సే సరస్సు, అక్కణ్నుంచి ఆస్ట్రియాలోని ట్సెల్ ఆమ్ జే, గ్రాస్‌గ్లాక్నర్ రోడ్డు మీదుగా లీయెంట్స్, సౌత్ టిరోల్‌లో రెండు మూడు రాత్రులు, తర్వాత బ్రెన్నర్ కనుమ దాటి ఇన్స్‌బ్రుక్, గార్మిష్, మళ్లీ మ్యూనిక్. సౌత్ టిరోల్ మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియాది. ఇవాళ్టికీ అక్కడ ఎక్కువమంది ఇంటి భాష జర్మనే. ఊళ్లకు రెండేసి పేర్లు. టోబ్లాక్ కోసం వెతుకుతుంటే బోర్డు మీద డొబియాకో కూడా కనిపిస్తుంది. రెండూ ఒకటే, కంగారు పడకండి.

ఈ మొత్తంలో మన స్వభావానికి పరీక్ష పెట్టేది గ్రాస్‌గ్లాక్నర్ రోడ్డే. 48 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు, హోఖ్‌టోర్ దగ్గర 2,504 మీటర్ల ఎత్తు. ఫ్రాంజ్ వాలక్ అనే ఇంజినీరు రూపకల్పనతో 1930లో పని మొదలై 1935లో తెరుచుకుంది. హైవే అలవాటులో 48 కిలోమీటర్లకు ముప్పావుగంట అనుకుంటాం. ఇక్కడ సగం రోజు కేటాయించండి. మలుపు మలుపుకీ ఆగాలనిపిస్తుంది, ఆగడానికి చోట్లూ ఉన్నాయి. మే మొదట్లో తెరిచి నవంబరు మొదట్లో మూసేస్తారు. రాత్రుళ్లు ఎవరినీ వెళ్లనివ్వరు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఉరుములు కమ్ముకొస్తాయి, పైన వేసవిలోనూ మంచు పడొచ్చు. అందుకే పొద్దున్నే ఎక్కండి. దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి. బ్రేకు మీదే కాలేసి కూర్చుంటే అది వేడెక్కి పట్టు తప్పుతుంది.

మరి ఆ పూట మబ్బు పట్టేస్తే? ఆల్ప్స్ జనం ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు కట్టి పెట్టారు. గ్రాస్‌గ్లాక్నర్‌కు పడమటగా మిట్టర్‌సిల్ నుంచి ఫెల్బర్‌టావర్న్ సొరంగం ఉంది. అయిదు కిలోమీటర్ల పైచిలుకు, ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది, మిమ్మల్ని అదే లీయెంట్స్‌కు చేరుస్తుంది. స్విట్జర్లాండ్‌లో గొట్‌హార్డ్‌దీ ఇదే పద్ధతి: పైన కనుమ రోడ్డు, కింద దాదాపు 17 కిలోమీటర్ల సొరంగం. మీ ప్లానులోనూ ప్రతి రోజుకీ రెండు వరుసలు రాయండి: ఎక్కే దారి, దూరే దారి. సాయంత్రం చేరే ఊరు మాత్రం ఒకటే.

ఏది ఎప్పుడు ఎంచుకోవాలో కూడా ముందు రాత్రి భోజనాల దగ్గరే తేల్చేయండి. పొద్దున ఏడింటికి వెబ్‌క్యామ్‌లో శిఖరం కనబడితే పైకి, కనబడకపోతే సొరంగంలోకి. అప్పటికప్పుడు చర్చ పెడితే కారులో నలుగురూ నాలుగు మాటలంటారు, చివరికి "ఇంత ఖర్చు పెట్టి వచ్చాం కదా" అన్న గొంతే గెలుస్తుంది. ఆ మాట విని పొగమంచులో మలుపులు ఎక్కకండి. మీరు పెట్టిన డబ్బు మబ్బుకు తెలియదు.

కాగితాల పని గబగబా చెప్పేస్తాను. ఆర్టీవో దగ్గర ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. షెంగెన్ వీసాకు ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి, కాబట్టి రాత్రుల లెక్క ముందు. గేర్లు మార్చడం ఇష్టం లేకపోతే ఆటోమేటిక్ కారు కావాలని విడిగా అడగాలి. ఏయే దేశాలకు తీసుకెళ్తారో అద్దెకిచ్చేవాళ్లకు చెప్పాలి. జర్మనీలో కార్లకు హైవే రుసుము లేదు. ఆస్ట్రియా హైవే ఎక్కాలంటే విన్యెట్ అనే రుసుము పాసు కొనాలి. బ్రెన్నర్‌కూ గ్రాస్‌గ్లాక్నర్‌కూ టోల్ వేరు. మ్యూనిక్‌లో ఉంటున్న అబ్బాయి నడుపుతాడులే అనుకునే అమ్మానాన్నలకు ఒక మాట: జర్మనీలో స్థిరపడ్డాక మన లైసెన్సు ఆరు నెలలే చెల్లుతుంది. అబ్బాయిని ఇప్పుడే అడగండి.

తిండి విషయంలో మొహమాటం వద్దు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుని, ఒకే చోట కనీసం రెండు రాత్రులుండండి. ఆదివారం జర్మనీ, ఆస్ట్రియాల్లో దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉంటాయి. పాలు, పెరుగు శనివారమే కొనాలి. పల్లెల్లో చాలా హోటళ్లు మధ్యాహ్నం రెండు దాటితే పొయ్యి ఆర్పేసి సాయంత్రం దాకా వెలిగించవు. సరిగ్గా ఆ వేళకే మన పిల్లలకు ఆకలేస్తుంది.

ఇక స్టీరింగు. నడిపేవాళ్లకు రోడ్డు తప్ప ఏమీ కనబడదన్న సంగతి ఫొటోలు తీసేవాళ్లు మరిచిపోతారు. దారి చెప్పే బాధ్యత పక్కసీటులో ఉన్న ఒక్కరిదే, వెనకసీటు సలహాలు ఆగిన చోటే వినాలి. ఇద్దరికీ లైసెన్సు ఉంటే హోఖ్‌టోర్ దగ్గర సీట్లు మార్చుకోండి. ఒకరు ఎక్కించాలి, ఒకరు దించాలి. రెండో డ్రైవరు పేరు మాత్రం కారు తీసుకునేటప్పుడే ఒప్పందంలో రాయించాలి, లేకపోతే బీమా దగ్గర చిక్కొస్తుంది.