ఇంజను వెనుక గోడ

హైదరాబాదు,
భాద్రపద మాసము.

చిరంజీవి మేనల్లుని ఆశీర్వదించి మేనమామ వ్రాయునది.

నీవు సిద్దిపేట నుండి వ్రాసిన ఉత్తరమును, దానితో పంపిన ఫోటోలును అందినవి. ఇన్ని యేండ్లు వేపచెట్టు క్రింద ఎండకు ఎండి వానకు నాని యున్న మీ నాయన లారీని షెడ్డులోనికి చేర్చి, బానెట్టు విప్పి, రేడియేటరు దింపి, చైన్ కప్పీతో ఇంజనును పైకెత్తి ప్రక్కకు పెట్టించితివని చదివి మిగుల సంతోషించితిని. ఇంజను తొలగిన పిమ్మట బయల్పడిన ఫైర్‌వాల్‌ను, పెయింటరు చెప్పినట్లు ప్రెషరు నీళ్లతో కడిగించి, కాబిన్‌తో పాటు ఒక్కసారే రంగు కొట్టించి ముగింపవచ్చునా, లేక దానికై ప్రత్యేకముగా కాలము వెచ్చింపవలెనా యని అడిగితివి. వెచ్చింపవలెను, నాయనా. ఇంజనుకును డ్రైవరు మోకాళ్లకును నడుమ నిలిచిన ఆ రేకుగోడ పని ముగియువరకు బండిలో మరియొక భాగమునకు రంగు తగులనీయకుమని నా సలహా. రేపు ఇంజను తిరిగి ఎక్కినదా, ఆ గోడను తుడుచుటకు గుడ్డ పట్టిన చేయి దూరదు. అప్పుడు లోపల మిగిలిన తుప్పును కన్నులతో చూచుచుండుటయే గాని చేయగలిగినది ఉండదు.

బండి ముందు జాలీమీద మూడు కోణముల నక్షత్రము ఇంకను చెక్కుచెదరక యున్నదని వ్రాసితివి. 1945లో జంషెడ్‌పూరున రైలింజనుల తయారీకై వెలసిన టాటా వారి టెల్కో సంస్థ 1954లో జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ వారితో ఒప్పందము చేసికొని, వారి నక్షత్ర చిహ్నముతో లారీల నిర్మాణమునకు పూనుకొన్నది. 1969లో ఆ ఒప్పందము ముగియగా నక్షత్రము పోయి టాటా వారి టి అక్షరము వచ్చినది. ఆ రోజులలో లారీ కొనువారిలో పెక్కుమందికి కంపెనీ నుండి వచ్చునది నిండు బండి కాదు. ఛాసిస్సు, ఇంజను, బానెట్టు, ఈ రేకుగోడ, దాని నంటియున్న డ్యాష్‌బోర్డు, స్టీరింగు, ఇంతవరకే. తలపై కప్పు లేక, వీపు వెనుక చెక్క లేక, ముఖమునకు తువ్వాలు చుట్టుకొని, ఎండలో వానలో ఆ ఛాసిస్సులను దేశము నలుమూలలకు తోలుకొనిపోయిన కాన్వాయ్ డ్రైవర్ల కష్టమును నేటివారు ఊహింపజాలరు. కాబిన్‌ను, వెనుకటి బాడీని ఎవరి ప్రాంతపు వడ్రంగులు, కమ్మరులు వారు కట్టుకొనెడివారు. మీ బండిదియు మనవారి చేతి పనియే. దాని తలుపులు మారినవి, కప్పు మారినది, సీట్లు ఎన్నిమార్లు మారినవో లెక్క లేదు. జంషెడ్‌పూరు నుండి వచ్చినది వచ్చినట్లు నిలిచినది, ఛాసిస్సును మినహాయించినచో, ఈ గోడయే. దానిని తక్కిన రేకులతో సమానముగా ఎంచవద్దనుటకు ఇది యొక్కటే చాలును.

కావున కడుగుటకు ముందు దానిని చదువుము. ఒకనాటి ఉదయము వెలుతురు బాగుగా నున్నవేళ గోడను ఎడమ నుండి కుడికి, పై నుండి క్రిందికి భాగములుగా ఫోటోలు తీయుము; ఏ తీగ ఏ రంధ్రమునుండి పోవుచున్నదో, ఏ క్లిప్పు ఏ బోల్టును పట్టుకొన్నదో పుస్తకమున బొమ్మ గీసి వ్రాసికొనుము; విప్పిన ప్రతి తీగకును గుడ్డపేలిక కట్టి పేరు వ్రాయుము. కంపెనీవారి రేకు పలక గోడకు బిగించి యుండును. దాని రివెట్లను ఉలితో కొట్టక, సన్నని డ్రిల్లుతో తలలు మాత్రము తీసి పలకను వంగకుండ ఊడదీయుము. ఆ పలక వెనుక ఎండ సోకని, పొగ తగులని చోటు అరచేతి మేర యుండును. తడిగుడ్డతో మెల్లగా తుడిచినచో బండి పుట్టినప్పటి రంగు అక్కడ నీకు కనబడును. తరువాత ఎన్ని రంగులు వేసిరో, ఏది తొలిదో అని ఇంటిలో వాదులాడుకొన నక్కరలేదు. ఆ చోటు ఫోటో కాక, ఆ చోటునే చూపి రంగు కలిపించుము. పలకమీది అంకెలను, ఛాసిస్సుపై చెక్కిన నంబరును ఇప్పుడే కాగితము పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి, బండి కాగితములలో నున్న నంబరుతో సరిపోల్చి దాచుము. రవాణా కార్యాలయములో బండిని చూపవలసిన నాడు అధికారి మొదట అడుగునది ఆ నంబరే. గ్రైండరు పట్టిన కుర్రవాడు ఏమరుపాటున దానిమీదుగా పోయినచో ఆ నష్టము తీరునది కాదు.

ఇక మడ్డి సంగతి. మీ ఫోటోలో గోడ అడుగున బొటనవ్రేలి మందముగ పేరుకొనిన ఆ నల్లని పొర కేవలము గ్రీజు కాదు. కారిన డీజిలు, ఇంజను ఆయిలు, వాటిపై చెల్కల ఎర్రదుమ్ము, వడ్ల పొట్టు, పత్తి నూగు, ఇవన్నియు యేండ్ల తరబడి వేడికి ఉడికి గట్టిపడినవి. దానిని ప్రెషరు నీటితో కొట్టించిన యెడల పై పొర పోయి అడుగుపొర అతుకులలోనికి దూరును. నీరు చెక్క కాబిన్ సందులలోనికి, మీటర్ల వెనుక తీగలలోనికి చేరి వారముల తరబడి ఆరదు. అందుచేత మొద్దు గీకుడు పలకతో పొరలు పొరలుగా గీకి, కిరోసినులో ముంచిన బ్రష్షుతో నానబెట్టి, మరల గీకి, చివరకు సబ్బు నీటితో తుడిచి గుడ్డతో ఆర్చుము. పెట్రోలు జోలికి పోకుము. మూసిన షెడ్డులో దాని ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలును. గోడకు లోపలివైపున, కాళ్లదగ్గర, బూడిదరంగు నారతో చేసిన అట్ట వంటిది అంటించి యున్నచో దానిని చేతితో చించవద్దు, గ్రైండరు అసలే తాకింపవద్దు. పాతకాలపు వేడినిరోధక అట్టలలో ఆస్బెస్టాసు ఉండుట సర్వసాధారణము. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరినచో ఎన్నో యేండ్లకు గాని బయటపడని కీడు చేయును. తెలిసినవారి చేత తడిపి తీయించి, సంచిలో మూటగట్టించి పంపివేయుము. షెడ్డులో తిరుగు పిల్లలను ఆ దరిదాపులకు రానీయకుము. పాతరంగులలో సీసము కూడ ఉండవచ్చును గనుక పొడిగా రుద్దక నీటి ఎమరీతోనే రుద్దించుము.

రేకు బయటపడినప్పుడు రెండు చోట్ల ప్రత్యేకముగా చూడుము. బ్రేకు ఆయిలు కారిన చోట రంగు ఉడికినట్లు ముడుతపడి క్రింది రేకు నగ్నముగా నుండును, ఆ ఆయిలు రంగును కరిగించును గనుక. బ్యాటరీ దాపున ఆమ్లము తగిలిన చోట రేకు పొడిపొడిగా రాలును. అక్కడ వంటసోడా కలిపిన నీటితో కడిగి ఆమ్లమును చంపి, ఆ పిమ్మట మంచి నీటితో కడుగుము. రేకు పలుచబడి వ్రేలితో నొక్కగా లోపలికి పోవుచున్నదా, దానిపై లప్పము రుద్ది మాయచేయుటకు ఎవరేమి చెప్పినను ఒప్పుకొనకుము. ఆ భాగమును కోసి, సమానమైన మందముగల కొత్త రేకును వెల్డింగు చేయింపవలసినదే. లప్పము చిన్న సొట్టలను నింపుటకు పుట్టినదిగాని గోడ కట్టుటకు కాదు.

రంధ్రముల విషయమున ఇంకొంచెము నిలుతును. దుద్దెడ దాటిన పిదప పత్తిలోడుతో పోవుచున్న ఒక లారీ కాబిన్‌లో, డ్రైవరు కాలి దగ్గర, కాలిన రబ్బరు వాసన వచ్చి, ఆ వెంటనే పొగ లేచుట నేను కన్నులార చూచితిని. డ్రైవరు బండి ఆపి, దూకి, బ్యాటరీ తీగ పీకివేసెను గనుక సరిపోయినది. చూడగా కారణము చిన్నది: గోడలోని రంధ్రమునకు ఉండవలసిన రబ్బరు బుష్షు ఎన్నడో రాలిపోయినది, రేకు అంచు తీగను రోజూ కొద్దికొద్దిగా ఒరిసి ఒరిసి పైతొడుగును కోసి రాగిని అంటుకొన్నది. వెనుక బస్తాలకొద్ది పత్తి యున్నది! ఈ గోడ చేయు కాపలా ఎంత గొప్పదో నాకు ఆనాడు బోధపడినది. ఇంజను వేడి, పొగ, చప్పుడు, నిప్పు, ఇవి మనుష్యుని వైపు రాకుండ నిలుచునది అది. దానికి వేసిన ప్రతి రంధ్రము ఆ కాపలాలో ఒక తెరపి. కావున ప్రతి రంధ్రమును లెక్కింపుము. కంపెనీవారు వేసినవానికి కొత్త రబ్బరు బుష్షులు తొడుగుము. తరువాతి కాలమున హారన్లకు, టేప్ రికార్డరుకు, రంగురంగుల బల్బులకు ఎవరెవరో వేసి విడిచిన వానిని వెల్డింగుతో మూయించి చదును చేయించుము.

ఒక్క జతను మాత్రము మూయింపకుము. కుడివైపున స్టీరింగు పైన, డ్యాష్‌బోర్డు అంచుకు దిగువగా, చేతి బర్మాతో వేసిన రెండు చిన్న రంధ్రములు నీకు కనబడును. వానికి ఇత్తడి కొక్కెము బిగించి మీ నాయన మంచినీళ్ల సొరకాయ బుర్రను వ్రేలాడదీసెడివారు. లారీ అచ్చముగా ఫ్యాక్టరీనుండి వచ్చిన రీతినే ఉండవలెనని వాదించువారితో నాకు పేచీ లేదు. కాని ఆ లారీని నడిపినవాని చేతి గురుతు కూడ దాని చరిత్రయే. హైదరాబాదున చౌమహల్లా ప్యాలెసులో 1912 నాటి రోల్స్ రాయిస్ కారును జనులు నేటికిని చూచి వచ్చుచున్నారు. 1932 జూన్‌లో నిజాం రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ఆరంభమైన నాటి ఆల్బియన్ బస్సును ఆర్టీసీవారు భద్రపరచినారు. ప్రభువును మోసినదానికిని ప్రయాణికులను మోసినదానికిని చోటు దొరకినది. వడ్లు, మక్కలు, ఇటుకలు, ఇసుక మోసి ఊళ్లను నిలిపిన లారీలు మాత్రము పాతఇనుము కొట్టునకు కిలోల లెక్కన పోయినవి. అందువలననే నీ పని నాకు అంత ముద్దు. అందువలననే ఆ రెండు రంధ్రముల విషయమున ఇంత పట్టుపట్టుచున్నాను.

దసరా నాటికి బండి రోడ్డెక్కవలెనని మా అక్క కోరుచున్నదని వ్రాసితివి. అక్క మాట కాదనుట నాకు కష్టమే అయినను, ఇందు ఆమె కోరిక నెరవేర్పవద్దు. ఇప్పటి గాలిలో తేమ యున్నది. బోసిగా చేసిన రేకు తెల్లవారునాటికి నారింజరంగు తిరుగును. కాబట్టి ఇప్పుడు ఫోటోలు, గీకుడు, రంధ్రముల పని, వెల్డింగు వరకే చేయించి, అయినచోట్ల పలుచగా ఆయిలు పూసి ఉంచుము. ఆయుధపూజనాడు ఇంజను దిగియున్న బండికే పసుపు కుంకుమ పెట్టి, పానాలకు, జాకీలకు పూజచేయుము; దోషమేమియు లేదు. కార్తీకమున గాలి పొడిబారిన తరువాత ఆయిలును థిన్నరుతో పూర్తిగా తుడిచి, తుప్పు మిగిలిన గుంటలలో ఫాస్ఫారిక్ ఆమ్లపు మందు పూసి, అది నల్లబడిన పిదప మిగులును కడిగి ఆర్చి, మరల ఎమరీతో గరుకు చేసి, ఆనాడే ప్రైమరు కొట్టింపుము. ఆమ్లము మిగిలిన రేకుపై ఎపాక్సీ ప్రైమరు పట్టదు, పెచ్చులుగా లేచును. పెయింటర్లు అలవాటుగా రెడ్ ఆక్సైడ్ ఒక పూత వేసి చాలునందురు. అది తేమను త్రాగు పూత గనుక నేను ఒప్పను. రెండు డబ్బాల ఎపాక్సీయే తెప్పించి, డబ్బామీద వ్రాసిన పాళ్లలోనే కలిపించి, మొదట అతుకులలో, మూలలలో బ్రష్షుతో పూయించి, పిమ్మట గన్నుతో రెండు పూతలు కొట్టింపుము. చేర్యాల నకాషీ చిత్రకారులు చింతగింజల జిగురు, సుద్ద, గంజి కలిపి బట్టపై పూతమీద పూత పూసి ఆరబెట్టిన తరువాత గాని కుంచె ఎట్లు పట్టరో, ఇదియు అట్టిదే. పై రంగు ఎంతకాలము నిలుచునో ఈ పూతయే నిర్ణయించును.

పై రంగునకు పీయూ (పాలీయూరిథేన్) రకము మంచిది. డీజిలు చింది పడినను మాయదు. కాని దాని తుంపరలోని ఆవిరి ప్రమాదకరము. పెయింటరు ముఖమునకు గుడ్డ చుట్టుకొని సరిపుచ్చుకొనుటకు ఒప్పుకొనక, ఆ పనికి తగిన ఫిల్టరు మాస్కును నీవే కొని యిమ్ము. రంగు కొట్టుటకు ముందు ఎర్త్ తీగ బిగించు చోట్లను మాస్కింగ్ టేపుతో మూయించుట మరువకుము. అక్కడ బోసి రేకు రాగితీగకు తగులవలెను. రంగు నడుమ వచ్చినచో దీపములు మసకబారును, స్టార్టరు మూలుగును, ఎలక్ట్రీషియన్లు లేని దోషమును వెదకుచు దినములు గడపుదురు. బోల్టు రంధ్రములలో పాత బోల్టులు త్రిప్పి ఉంచినచో మరలలో రంగు చేరదు.

ఆరిన తరువాత తొందరపడి ఇంజను ఎక్కింపక వారము ఆగుము. చైన్ కప్పీకి వ్రేలాడు ఇంజను ఒక్క ఊపు ఊగి పచ్చి రంగును తాకినచో ఇంత పనియు మొదటికి వచ్చును. గోడకు ఎదుట మందమైన దుప్పటి కట్టి దింపింపుము.

రబ్బరు బుష్షుల కొరకు అక్కడ తిరుగవద్దు. ప్రతి రంధ్రపు వ్యాసమును, రేకు మందమును మిల్లీమీటర్లలో కొలిచి, ఎన్ని కావలెనో వ్రాసి పంపినచో నేను ఇక్కడ రాణీగంజ్‌లో వెదకి తెచ్చెదను. ఇత్తడి కొక్కెము అక్క పెట్టెలోనే యుండవలెను, అడుగుము. ఆమెకు నా నమస్కారములు, ఇంటిల్లిపాదికి ఆశీస్సులు. దసరా సంగతి నేనే ఫోనులో ఆమెకు నచ్చజెప్పెదను, నీవు మాట్లాడకుము.

ఇట్లు,
నీ మేనమామ.